పరమాణువుల జతలు – కాంతి జాలకములు

ఆంధ్రుల శాస్త్రచరిత్రమును వ్రాయబూనువారు 1931వ సంవత్సరమును దాటిపోరాదు. ఆ యేట కలకత్తాలోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ అను సంస్థయొక్క ప్రయోగశాలనుండి చంద్రశేఖర వేంకట రామనుగారును, సూరి భగవంతముగారును కలిసి యొక ప్రకటన గావించిరి. రామనుగారు అంతకుముందటి సంవత్సరముననే నోబెల్ బహుమానము నందిన లోకవిఖ్యాతులు. భగవంతముగారు 1909లో కృష్ణాజిల్లా ఆగిరిపల్లియందు జన్మించి, హైదరాబాదు నిజాము కళాశాలలో చదువు ముగించి, 1928లో కలకత్తా చేరిన యువకులు. ప్రకటనయొక్క సారాంశము పైకి స్వల్పముగా నగపడును. కాంతికణమునకు, అనగా ఫోటానునకు, శక్తియు గమనబలమును మాత్రమే గాక, తనలో తాను తిరుగునట్టి గుణమొకటి పుట్టుకతోనే కలదు. దాని కొలత ఒక పూర్ణమాత్ర. ఈ గుణమునకు శాస్త్రజ్ఞులు స్పిన్ అని పేరిడిరి. తెలుగున ఆత్మభ్రమణమనవచ్చును.

కాంతి యొక పదార్థమును తాకి చెదరునపుడు, దాని అల యే దిక్కున ఊగుచున్నదను లక్షణము కొంత మారును. దీనినే ధ్రువణమందురు. ఆ మార్పును మిక్కిలి జాగ్రత్తగా కొలిచి ఆ గురుశిష్యులు తమ నిర్ణయమునకు వచ్చిరి. ఐదేండ్ల తరువాత, 1936లో, అమెరికాయందు రిచర్డు బెత్ అను నాతడు సన్నని పోగునకు వ్రేలాడదీసిన స్ఫటిక ఫలకముపై కాంతిని ప్రసరింపజేసి, ఆ కాంతి తాకిడికే ఫలకము మెలిదిరుగునని చూపెను. కాంతి తిరుగుడును కంటికి కట్టినట్లు చూపిన ప్రయోగమది. కాని కలకత్తావారి కొలత ముందటిది.

ఇంతటి సూక్ష్మవిషయము పట్టిసీమ గ్రంథాలయ రజతోత్సవ సంచికయందెందులకని చదువరులు శంకింపవచ్చును. ఆ యాత్మభ్రమణము పూర్ణాంకమా, అర్ధాంకమా అనుదానిపైననే లోకములోని పదార్థములన్నియు రెండు తెగలుగా చీలియున్నవి. ఒక తెగ గుంపుగూడును; రెండవ తెగ ఎడముగా నిలుచును. ఎడముగా నిలుచు తెగవారు జతలు కట్టి గుంపుగూడు తెగలో చేరుట యెట్లు, చేరిన పిమ్మట రాపిడియే యెరుగక ప్రవహించుట యెట్లు అను ప్రశ్న నూరేండ్లకు పైబడి శాస్త్రజ్ఞులను వేధించినది. 2006లోను, 2023లోను కాంతితో అల్లిన వలలలో పరమాణువులను పట్టి జరిపిన ప్రయోగములు ఆ ప్రశ్నకు సంబంధించినవే. ఆ కథ మొదటి పుటలలో బంగాళమును, ఆంధ్రమును కలవు.

కథకు మూలము లెక్క. 1924లో ఢాకా విశ్వవిద్యాలయమున రీడరుగా నుండిన సత్యేంద్రనాథ బోసుగారు కాంతికణములను లెక్కించుటకు నూతనమార్గ మొకటి కనిపెట్టిరి. రెండు రూపాయి నాణెములను, రెండు అరలు గల పెట్టెను తలచుకొనిన ఆ మార్గము బోధపడును. నాణెములకు వేరువేరు గుర్తులున్నచో వానిని అరలలో నాలుగు విధములుగా నుంచవచ్చును: రెండును ఎడమ అరలో, రెండును కుడి అరలో, మొదటిది ఎడమను రెండవది కుడిని, రెండవది ఎడమను మొదటిది కుడిని. ఇందు రెండును ఒక్క అరలో చేరునవి నాలుగింట రెండు, అనగా సగపాలు. ఇక నాణెములకు గుర్తులేమియు లేవనుకొందము. గుర్తులు చెరిగిపోవుట కాదు. గుర్తు పెట్టుటకే వీలులేదనుకొందము. అపుడు తుది రెండు విధములును ఒక్కటియే యగును. మొత్తము మూడు విధములే మిగులును. అందు రెండింట నాణెములు ఒక్కచోట చేరియుండును. సగపాలు కాస్త మూడింట రెండు పాళ్ళయ్యెను. ఏ ఆకర్షణయు లేకయే, ఏ త్రాడును కట్టకయే, కేవలము లెక్క మారుటచేత గుంపుగూడు స్వభావము పుట్టుకొచ్చెను. బోసుగారి మార్గమునందలి అద్భుతమిదియే.

ఇచ్చట వైశేషిక దర్శనమును చదివినవారికి ఒక తలపు కలుగక మానదు. కణాదమతమున పరమాణువులు నిత్యములు. ఒకే జాతికి చెందిన రెండు పరమాణువులు సర్వవిధముల సమానములైనను, ఒక్కొక్కదానియందు ‘విశేష’మను వేరుపరచు పదార్థమొకటి కలదు, దానివలననే ఇది వేరు, అది వేరు అని నిర్ణయింపవచ్చును. ఆ దర్శనమునకు పేరు వచ్చినదే ఆ విశేషమువలన. బోసుగారి లెక్క సరిగా దానినే కాదనినది: కాంతికణములకు విశేషము లేదు. మఱియు వైశేషికులు రెండు పరమాణువులు కూడి ద్వ్యణుకమగుననియు, మూడు ద్వ్యణుకములు కూడినపుడు కిటికీగుండ వచ్చు ఎండలో కనబడు రేణువగుననియు చెప్పిరి. ద్వ్యణుకమను మాట విని, పరమాణువుల జతలను పూర్వులు ముందే యెరుగుదురని కొందరు ఉపన్యాసకులు ఉత్సాహపడుదురు. అది పూర్వులకు గౌరవము కాదు. వారు అడిగిన ప్రశ్న గొప్పది; నేటి సమాధానము దానికి విరుద్ధమైనది. ఆ విరోధమును దాచిపెట్టక చూపుటయే చదువు.

బోసుగారి లెక్కలో మరియొక చిక్కు కలదు. తుదకు వచ్చిన సంఖ్యను రెండుతో గుణించినగాని ప్లాంకు సూత్రము సరిపోదు. కాంతి ధ్రువణము రెండు విధములు గనుక రెండని సమాధానము చెప్పవచ్చును. ఫోటాను తాను పోవు దిక్కున కుడికిగాని, ఎడమకుగాని తిరుగుటచేతనే ఆ రెండు వచ్చినదని బోసుగారు భావించిరనియు, ఆ వ్యాసమును జర్మను భాషలోనికి తెచ్చి 1924లో ప్రకటింపజేసిన ఐన్‌స్టీన్ పండితుడు ఆ మాటను విడిచిపెట్టెననియు శాస్త్రజ్ఞుల నడుమ ఒక వాడుక కలదు. ఆ వాడుక యెట్లున్నను, ఫోటానునకు ఆత్మభ్రమణముండవచ్చునని బోసుగారు ముందే తలపోసిన సంగతిని రామను భగవంతములు తమ వ్యాసమున స్పష్టముగా చెప్పియున్నారు. లెక్కలో గుణకముగా నిలిచిపోయిన ఆ ‘రెండు’నకు ప్రయోగశాలలో సాక్ష్యము తెచ్చినది వారు.

బోసుగారి లెక్కను ఐన్‌స్టీన్ పరమాణువులకును వర్తింపజేసి, ఒక వాయువును మిక్కిలి చల్లబరచినచో దాని పరమాణువులలో పెద్దభాగము ఒక్కటే స్థితిలో కుదురుకొనునని 1925 నాటికి ఊహించెను. ఇంతలో రెండవ తెగ బయటపడినది. ఒక్క స్థితిలో ఒక్క ఎలక్ట్రానుకే చోటుగాని రెండవదానికి లేదని పౌలీ 1925లో చెప్పెను. ఆ నియమముతో వాయువులను లెక్కించు మార్గమును 1926లో ఫెర్మి, డిరాకులు వేరువేరుగా స్థాపించిరి. నాణెముల పెట్టెతో చెప్పవలెనన్న, ఒక అరలో రెండు నాణెములుండరాదు గనుక ఒక్క విధమే మిగిలినది. ఆత్మభ్రమణము పూర్ణాంకమైనవి బోసు తెగ. ఒకటింట సగము, మూడింట సగము మొదలైనవి ఫెర్మి తెగ. ఈ విభాగము కాకతాళీయము కాదని 1940లో పౌలీయే నిరూపించెను.

పరమాణువు ఏ తెగకు చెందునో తెలిసికొనుటకు పెద్ద చదువక్కరలేదు. దానిలోని ప్రోటానులు, న్యూట్రానులు, ఎలక్ట్రానులు కూడి లెక్కింపవలెను. మొత్తము సరిసంఖ్య యైనచో బోసు తెగ, బేసియైనచో ఫెర్మి తెగ. 4 భారముగల హీలియమునకు రెండు, రెండు, రెండు – ఆరు, బోసు తెగ. 3 భారముగల హీలియమునకు ఐదు, ఫెర్మి తెగ. 6 భారముగల లిథియమునకు మూడు మూళ్ళు తొమ్మిది, ఫెర్మి తెగ. ఒక్క న్యూట్రాను ఎక్కువైన లిథియమునకు పది, బోసు తెగ. రసాయన గుణములలో రెండు లిథియములకును భేదము కనబడదు. కాని చలిలో వాని నడవడి ఉత్తరదక్షిణములు. ఇక రెండు బేసులు కూడిన సరి యగును గదా! ఫెర్మి తెగవారు ఇద్దరు కూడి జతయైనచో ఆ జత బోసు తెగలో చేరుటకు అర్హత పొందును. జతకథ యంతయు ఈ చిన్న కూడికలో నున్నది.

అర్హత వేరు, అనుభవము వేరు. హీలియము వాయువును 1908లో హాలండులోని లైడెను నగరమున కామెర్లింగ్ ఓన్నెసు ద్రవముగా మార్చెను. మూడేండ్లకు ఆ చలిలోనే పాదరసములోని విద్యుత్తుకు అడ్డు పూర్తిగా తొలగిపోవుటను కనుగొనెను. దానికి అతివాహకత యని పేరు. 1938 ఆరంభమున మాస్కోలో కపిట్సా, కేంబ్రిడ్జిలో ఆలెను, మైసెనరులు మరియొక వింతను ప్రకటించిరి. పరమశూన్యమునకు, అనగా సున్నకు క్రింద 273.15 డిగ్రీల చలికి, పైన 2.17 డిగ్రీలకు దిగిన హీలియము రాపిడి లేక పారును. వెండ్రుకకంటె సన్నని సందులగుండ జారిపోవును. గిన్నెలో పోసినచో గోడవెంట పలుచని పొరయై తానే యెక్కి, అంచు దాటి, అడుగున బొట్లుబొట్లుగా రాలును. దీనిని అతిప్రవాహమనిరి. పట్టిసీమ రేవునుండి గోదావరి జలమును పోలవరము కుడి కాలువకెక్కించి కృష్ణకు పంపుటకై 2015లో ఆరంభమైన ఎత్తిపోతల పథకమునకు 24 పంపులు కావలసివచ్చిన సంగతి ఈ ఊరివారికి తెలియును. హీలియము పంపు లేక గట్టెక్కునన్న మాట వీరికి వింతగా తోచుట సహజము. ఐనను కొలతను మరువరాదు. ఆ పొర మందము కంటికానదు. ఎక్కుటకు కారణము గోడయొక్క ఆకర్షణము. రాపిడి లేకపోవుట దానికి తోడుపడినది. పొలములకు నీరెక్కించు ఉపాయము కాదది.

నాలుగు భారముగల హీలియము బోసు తెగ గనుక అతిప్రవాహమును కొంత ఊహింపవచ్చును. పాదరసములోని ఎలక్ట్రానులు ఫెర్మి తెగ. అవి అడ్డులేక పారుట యెట్లు? ఈ ప్రశ్న 46 ఏండ్లు నిలిచెను. 1956లో లియాన్ కూపరు అను యువకుడు, అత్యల్పమైన ఆకర్షణ యున్నను చలిలో రెండు ఎలక్ట్రానులు జతకట్టునని లెక్కవేసి చూపెను. మరుసటి సంవత్సరము బార్డీను, కూపరు, ష్రీఫరులు మువ్వురును సంపూర్ణ సిద్ధాంతమును ప్రకటించిరి. ఆ జత కాడికి కట్టిన యెడ్లజత వంటిది కాదు. జతలోని రెండు ఎలక్ట్రానుల నడుమ దూరమున ఇతర ఎలక్ట్రానులు లక్షలుగా నుండును. కోలాటములో ఒకని జోడు ఎదుటి వరుసలో దూరముగా నుండవచ్చును, నడుమ పలువురు కదలుచుండవచ్చును. ఐనను తాళము తప్పక కోల కోలను చేరును. ఆ పోలిక కొంత దగ్గరగా నుండును. 3 భారముగల హీలియము సైతము జతలు కట్టి పారునని 1972లో అమెరికాలోని కార్నెలు విశ్వవిద్యాలయమున ఓషెరాఫు, రిచర్డుసను, లీలు కనుగొనిరి. అందుకు డిగ్రీలో వెయ్యింట మూడు పాళ్ళకు లోపలి చలి కావలసివచ్చెను.

కోలాటపు పోలికనుండియే ముఖ్యమైన భేదమును గ్రహింపవలెను. జోడు కుదురుట యొకటి. జోళ్ళన్నియు ఒకే తాళమునకు అడుగు వేయుట మరియొకటి. మొదటిది జత, రెండవదియే ప్రవాహము. సాధారణ లోహములలో ఈ రెండును ఒకే చలిలో సంభవించుటచేత చిరకాలము వీనిని వేరుగా చూచు అవసరము కలుగలేదు. 1986లో జ్యూరికు సమీపమున బెడ్నార్సు, ముల్లరు అనువారు రాగి కలిసిన మృణ్మయ పదార్థములందు అనూహ్యమైన హెచ్చు ఉష్ణమునకే అతివాహకతను కనుగొన్నపుడు పాత సిద్ధాంతము చాలదని తేలెను. ఆ పదార్థములందు జతలు ముందు పుట్టి తాళము తరువాత కుదురునా, జతకు మూలకారణమేమి అను వాదములు చెలరేగెను. విద్యుత్తును నష్టము లేక దూరదేశములకు పంపు ఆశ ఆ వాదములతో ముడిపడియున్నది గనుక అవి పండితుల వినోదములు మాత్రమే కావు.

లోహములో ఎలక్ట్రానులను చూచుట కష్టము. అవి అతిసూక్ష్మములు, అతివేగములు. లోహములో మలినములు, లోపములు నుండును. కనుక ఎలక్ట్రానులకు బదులు పరమాణువులను, లోహస్ఫటికమునకు బదులు కాంతిని ఉపయోగించి, అదే నాటకమును నెమ్మదిగా, పెద్దగా ఆడించి చూచు ఆలోచన పుట్టెను. ముందుగా పరమాణువులను చల్లబరుపవలెను. లేసరు కాంతిని ఎదురుగా కొట్టి పరమాణువుల వేగమును తగ్గించు విద్యకు 1997లో నోబెల్ బహుమానము వచ్చెను. పిదప, వేడి కాఫీ ఆవిరి విడిచి చల్లారినట్లు, మిక్కిలి వేడిగానున్న పరమాణువులను వెలుపలికి పోనిచ్చి మిగిలినవానిని ఇంకను చల్లార్చుదురు. 1995లో బౌల్డరు నగరమున కార్నెలు, వీమనులు రుబీడియము వాయువును డిగ్రీలో నూరుకోట్లవంతులు 170 మాత్రమే మిగులునంతగా చల్లార్చి, ఐన్‌స్టీను ఊహించిన స్థితిని కన్నులార చూచిరి. కెటర్లె అను జర్మను శాస్త్రజ్ఞుడు అమెరికాలోని మసాచుసెట్సు శాస్త్రసంస్థలో సోడియముతో అదే సాధించెను. బోసుగారి లెక్క వ్రాసి 71 ఏండ్లు; ఆయన 1974లో గతించిరి. చూచుటకు లేరు.

ఫెర్మి తెగవానిని చల్లార్చుట మరింత దుర్ఘటము. ఒకే స్థితిలోనున్న ఫెర్మి పరమాణువులు చలిలో ఒండొంటిని ఢీకొననే కొనవు. ఢీకొననిదే వేడి పంచుకొనుట లేదు. బౌల్డరులో డెబొరా జిన్ అను విదుషి 40 భారముగల పొటాసియమును రెండు వేరు ఆత్మభ్రమణ స్థితులలో కలిపి ఉంచి, ఆ రెండు స్థితుల నడుమ ఢీకొట్టించి, 1999లో తన శిష్యుడు డిమార్కోతో కలిసి కార్యము సాధించెను. 47 ఏండ్ల వయస్సుననే 2016లో ఆమె గతించుట శాస్త్రలోకమునకు తీరనిలోటు.

జత కట్టించుటకు అయస్కాంత క్షేత్రము తోడ్పడెను. ఫెష్‌బాక్ అను శాస్త్రజ్ఞుని పేర ప్రసిద్ధమైన అనునాదము కలదు. లిథియమునకు సుమారు 830 గాస్‌ల క్షేత్రముననది సంభవించును. భూమియొక్క క్షేత్రము అర గాస్ ప్రాంతము మాత్రమే. క్షేత్రమును కొద్దిగా హెచ్చించి తగ్గించుటచే పరమాణువుల నడుమ ఆకర్షణను వీణ బిరడను త్రిప్పినట్లు సవరింపవచ్చును. ఒకవైపు త్రిప్పిన జత బిగిసి అణువగును. రెండవవైపు త్రిప్పిన సడలి కూపరు జతవలె దూరదూరముగా నగును. ఈ రెండు కొసలును ఒకే మార్గముపై నున్నవని లెగెట్ అను సిద్ధాంతి 1980లోనే చెప్పియుండెను. 2003 చివరను జిన్, ఆస్ట్రియాలో గ్రిమ్, మసాచుసెట్సులో కెటర్లె బృందములు బిగిసిన జతల గుంపును, 2004 ఆరంభమున జిన్ బృందము సడలిన జతల గుంపును చూపిరి.

గుంపు కనబడెను గాని ప్రవాహమునకు సాక్ష్యమేది? ఈ ప్రశ్నకు 2005లో కెటర్లె, జ్వీర్లైను మొదలగువారు ఇచ్చిన సమాధానము నదీతీరవాసులకు తేలికగా బోధపడును. వారు లిథియము మేఘమును రెండు లేసరు కిరణములతో కవ్వమువలె చిలికిరి. గోదావరి సుడులు పెద్దవి చిన్నవి కలవు, పుట్టి చెడును, ఒకదానినొకటి మ్రింగును. అతిప్రవాహములో సుడి యట్లు కాదు. ప్రతి సుడికిని తిరుగుడు ఒక నిర్ణీతమైన మాత్ర. అరసుడి లేదు, ఒకటింబావు సుడి లేదు. అట్టి సమానమైన సుడులు ఆ మేఘములో నాట్లువేసిన వరిమళ్ళలోని కుదుళ్ళవలె వరుసలు తీరి నిలిచెను. ఛాయాచిత్రములో ఆ రంధ్రములు కనబడినపుడు, ఫెర్మి తెగ జతలు అతిప్రవాహమైనవనుటకు సందేహము నిలువలేదు. ఆ లిథియము మేఘము సాంద్రతనుబట్టి లెక్కించిన, దానికున్న అనుపాతము లోహమునందలి ఎలక్ట్రానులకుండినచో ఎండకాలపు వేడికి మించిన ఉష్ణమునందు సైతము విద్యుత్తు అడ్డులేక పారవలెను. ఆశ పుట్టించు లెక్క ఇది; కాని లోహములో అట్టి బలమైన ఆకర్షణను కల్పించు బిరడ యెవరికిని దొరకలేదు.

ఇక కాంతి జాలకము. ఎదురెదురుగా రెండు లేసరు కిరణములను ప్రసరింపజేసినచో అలలు కలిసి కదలక నిలుచును. వెలుగు చీకటుల పొరలు వరుసగా నేర్పడును. మూడు దిక్కులను అట్లే చేసినచో, కోడిగ్రుడ్ల అట్టవలె, పరమాణువులు నిలుచుటకు గుంటలేర్పడును. గుంటకు గుంటకు నడుమ దూరము కాంతి తరంగదైర్ఘ్యములో సగము. 1064 నానోమీటర్ల కాంతికి అది 532 నానోమీటర్లు. ఒక బియ్యపుగింజ పొడవున పదివేలకు మించిన గుంటలు పట్టును. ఆ జాలకము స్ఫటికమే. అందు మలినము లేదు, విరుగుడు లేదు. కాంతిని పెంచినచో గుంటలు లోతగును, తగ్గించిన మెరకబడును.

ఇచ్చట కథ మరల ఆంధ్రదేశమునకు రావలసియున్నది. భగవంతముగారు 1932లో వాల్తేరునకు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయమున చేరిరి. సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు ఉపాధ్యక్షుడుగా నుండిన కాలమది. వాల్తేరున ఆయన చేసిన కృషిలో ముఖ్యమైనది స్ఫటికముల సౌష్ఠవమును గూర్చినది. టి. వెంకటరాయుడుగారితో కలిసి సమూహ సిద్ధాంతమును భౌతిక సమస్యలకు అన్వయించి వ్రాసిన ఆంగ్ల గ్రంథమును విశ్వవిద్యాలయమే 1948లో ప్రకటించెను. జాలకము ఉప్పుగల్లులోనిదైనను, కాంతిలోనిదైనను, దాని సౌష్ఠవమును విచారించు గణితమదియే. అదే సంవత్సరమున భగవంతముగారును, బి. రామచంద్రరావుగారును అత్యధిక వేగముతో కంపించు శబ్దతరంగములు కాంతిని వంచు విధమును పరిశీలించి, స్ఫటికపు పొరలనుండి ఎక్సురే మరలినట్లు శబ్దపు పొరలనుండి కాంతి మరలునని చూపిరి. శబ్దముచే కాంతి వంగుటకు తొలుత సిద్ధాంతము నిచ్చినవారు 1935, 1936 సంవత్సరములలో రామను, నాగేంద్రనాథులు. శీతల పరమాణువుల ప్రయోగశాలలలో లేసరును క్షణములో వెలిగించి ఆర్పుటకు, వన్నెను సవరించుటకు వాడు ఉపకరణము ఈ ధర్మముననే పనిచేయును. ఆ యుపకరణమును వాల్తేరువారే కనిపెట్టిరనుట అతిశయోక్తి. ఆ ధర్మమును తొలిదినములలో కొలిచినవారిలో వారున్నారనుట సత్యము. మరియొక చమత్కారము: అచ్చట శబ్దపు జాలకముపై కాంతి వంగెను, ఇచ్చట కాంతి జాలకముపై పరమాణువులు వంగును. ఆ వంగుటలో ఒక పద్ధతికి నేటికిని రామను–నాథుల పేరే వాడుచున్నారు.

జాలకములో నున్న కణముల నడవడికి హబ్బర్డు అను ఆంగ్లేయుడు 1963లో ఒక లెక్కను ఏర్పరచెను. అందు రెండే పద్దులు: ప్రక్క గుంటలోనికి దూకుటకుగల స్వేచ్ఛ యొకటి, ఒక గుంటలో ఇద్దరు చేరినపుడు కలుగు లాభనష్టము రెండవది. రెండు పద్దులే యైనను, కణములు అనేకములైనపుడు దానికి తుదిమొత్తము కట్టుట గొప్ప యంత్రములకును అలవికాలేదు. కాంతి జాలకములో పరమాణువులను విడిచి, ప్రకృతిచేతనే ఆ మొత్తమును కట్టించుట ప్రయోగముల ఉద్దేశ్యము. 2002లో మ్యూనికులో గ్రైనరు, బ్లాకు మొదలగువారు బోసు తెగ పరమాణువులతో మొదటి పరీక్ష నెగ్గిరి. కాంతి లోతుగానైనపుడు ప్రవాహము నిలిచి గుంటకు నియతసంఖ్యగా పరమాణువులు బిగిసిపోయెను. కాంతి తగ్గింపగా మరల ప్రవాహమయ్యెను.

ఫెర్మి జతలకు ఆ పరీక్ష 2006లో మసాచుసెట్సున కెటర్లె బృందముచే జరిగెను. వారు 6 భారముగల లిథియము జతల అతిప్రవాహమును సిద్ధపరచి, నెమ్మదిగా కాంతి జాలకమును దానిపై నెక్కించిరి. పిదప కాంతిని, అయస్కాంతమును తొలగించి మేఘమును విచ్చుకొననిచ్చిరి. వేర్వేరు గుంటలనుండి బయలుదేరిన జతలు తాళము కలిసియున్నచో, చెరువులో రెండు రాళ్ళు వేసిన అలలు కలిసినట్లు, కొన్ని దిక్కుల పోగుపడవలెను. ఛాయాచిత్రమున స్పష్టమైన శిఖరములు కనబడెను. జాలకమును లోతు చేయగా ఆ శిఖరములు కరగిపోయెను. జతలు చెడలేదు, తాళము చెడెను. జాలకమును మరల మెరక చేయగా శిఖరములు తిరిగివచ్చెను. జత వేరు, ప్రవాహము వేరు అనుటకు ఇంతకంటె చక్కని దృష్టాంతము దొరకుట కష్టము. ఐతే ఆ ప్రయోగము అనునాదమునకు చేరువలో జరిగినందున, పరమాణువుల నడుమ బంధము మిక్కిలి బలమైనదై, హబ్బర్డుగారి రెండు పద్దుల లెక్కకు అది యొదుగలేదు.

తరువాతి ప్రయత్నములు ఆ రెండు పద్దులలో నిలుచునట్టి మెత్తని జతలను వెదకినవి. ఒక్కొక్క గుంటలోని పరమాణువును విడిగా చూపగల సూక్ష్మదర్శినులు 2015 నాటికి ఫెర్మి తెగకును ఏర్పడెను. హార్వర్డులో గ్రైనరు బృందము 2017లో సుమారు ఎనుబది గుంటలలో, పరస్పరము వికర్షించు పరమాణువుల ఆత్మభ్రమణములు ఒకటి పైకి ఒకటి క్రిందికి వరుస తీరుటను చూపెను. రాగి పదార్థములలో అతివాహకతకు ముందు కనబడు క్రమమదియే.

2023లో జ్వీర్లైను బృందము 40 భారముగల పొటాసియమును, ఆకర్షించుకొను రీతిని, కాంతి జాలకమున నిలిపి, రెండు ఆత్మభ్రమణముల పరమాణువులను ఒకే చిత్రమున తీసెను. ఏ పరమాణువు జోడు ఏ పరమాణువో గుర్తించుట కంటితో కాదు, లెక్కతోనే సాధ్యము: అనేక చిత్రములలో ఒక తెగువ ఎక్కువైనచోట రెండవ తెగువ యెంత యెక్కువ తక్కువలగుచున్నదో కూడి చూచిరి. ఆకర్షణ బలముగా నున్నపుడు జోడు ఒక్క గుంటలోనే యుండెను. బలము తగ్గింపగా జోడు ప్రక్కగుంటలకు, ఇంకను దూరమునకు వ్యాపించెను. జత పొడవు పరమాణువుల నడిమి సగటు దూరమునకు ఇంచుమించు సమానమయ్యెను. జతలు చదరంగపు గళ్ళవలె ఒక గడి విడిచి ఒక గడిలో నిలువజూచెను. కూపరు 1956లో కాగితముపై కట్టిన జత జాలకముపై గడిగడిగా కనబడుట అదియే తొలిసారి. కాని ఆ వాయువు అతిప్రవాహపు గడప దాటునంత చల్లబడలేదు. జతలు కుదిరినవి, తాళము కుదురలేదు. ఆ జాలకమున ప్రవాహమును చూచుటకు వారు చేరిన చలి చాలలేదు.